మధ్యగది ఎక్స్ఛేంజి

వదినకు ఇంగ్లీషు మాటలు చాలానే వచ్చు. కానీ మనిషి బతకడానికి వాటిలో ఒక్కటి చాలునని ఆవిడ గట్టి నమ్మకం. ఆ మాట ‘పుట్ త్రూ’. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ మాట అంటూనే ఉద్యోగం చేసింది. ఎక్స్ఛేంజి మూతపడ్డాక ఆ మాటను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

అందుకే ఆ ఇంట్లో రోజూ పదకొండు గంటలకు ఒక కప్పు టీ కోసం మూడు గదులు పనిచేసేవి. ముందుగదిలో కళ్లద్దాల దుకాణం. అక్కడ వదిన తమ్ముడు అద్దం అంచు సాన పడుతూ, తలెత్తకుండా, “టీ” అనేవాడు. మధ్యగదిలో పేము కుర్చీలో కూర్చున్న వదిన కుడిచెయ్యి చెవికి ఆనించుకుని, ఎడమచేత్తో గాలిలోంచి కనపడని తీగ ఒకటి లాగి, కనపడని రంధ్రంలో గుచ్చి, ముక్కుతో పాడినట్టు “లైన్లో ఉండండి, పుట్ త్రూ చేస్తున్నాను” అనేది. అప్పుడు వంటింటి వైపు తిరిగి, దుకాణం నుంచి కాల్ అనీ, టీ అడుగుతున్నారనీ తమ్ముడి భార్యకు, అంటే తన మరదలికి చెప్పేది. పెడుతున్నానని మరదలు అంటే, ఆ మాట మళ్లీ అదే దారిన దుకాణానికి చేరేది. దుకాణానికీ వంటింటికీ మధ్య పదిహేడు అడుగులు. తమ్ముడు అన్నది మరదలికి మొదటే వినపడేది, మరదలు అన్నది తమ్ముడికీ వినపడేది. అయినా వదిన కలపందే ఆ ఇంట్లో మాట కలిసినట్టు లెక్క కాదు.

వదిన పోయి మూడు నెలలైంది. ఇప్పుడు పదకొండింటికి తమ్ముడు తనే లేచి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటాడు. మరదలు కప్పు చేతికిస్తుంది. ఇద్దరూ తెలియని ఊళ్లో ఒకే బస్సు కోసం ఎదురుచూస్తున్న వాళ్లలా కాసేపు నిలబడతారు. టీ వేడిగా ఉందని ఒకరు అంటే, అవునని రెండోవాళ్లు అంటారు. తర్వాత ఆయన ముందుకు వెళ్లిపోతాడు, ఆమె వెనక్కి తిరుగుతుంది.

పెళ్లయి ఇరవయ్యారేళ్లు. నేరుగా మాట్లాడుకోవడం ఆ ఇద్దరికీ అలవాటు కాలేదు, అవసరమూ పడలేదు. ఇప్పుడు అవసరం పడింది. పదిహేడేళ్ల కిందట, తను మంచం దిగని ఒక రోజున, మధ్యగది మీదుగా భర్త దగ్గర్నుంచి మరదలికి ఒక మాట అందింది. ఆ మాట మీదే ఆమె ఇన్నేళ్లూ లేచి తిరిగింది. వదిన లేని ఇంట్లో ఆ మాట ఒక్కసారి ఆయన నోటితోనే వినాలని ఆమెకు పీకులాటగా ఉంది. అడగాలంటే ఎలా అడగాలో తెలియదు. కలిపే మనిషి లేదు.

వదిన సంగతి మొదటినుంచీ చెబితే గానీ ఇది అర్థం కాదు.

మరదలు కాపురానికి వచ్చిన మూడో రోజున స్నానాలగదిలోంచి భర్త తువ్వాలు అడిగాడు. కొత్త కోడలు తువ్వాలు తీసుకుని పరుగెత్తబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగమ్మాయ్. లైను ఇంకా కలవలేదు.” తర్వాత చెవి మీద చెయ్యి పెట్టుకుని, స్నానాలగది నుంచి కాల్ వచ్చిందనీ, మాట్లాడతావా అనీ అడిగింది. మాట్లాడతానని ఆ పిల్ల తల ఊపింది. తల ఊపితే అవతలివాళ్లకి వినపడదని వదిన చెప్పింది. ఈ లోగా తమ్ముడు తడి ఒంటి మీదే చొక్కా తొడుక్కుని బయటికి వచ్చి, ఏమీ జరగనట్టు దుకాణంలోకి వెళ్లి కూర్చున్నాడు. ఈవిడకు ఎక్కడో ఒక మర వదులైందని కొత్త కోడలు లోపల్లోపల భయపడింది.

ఆ సాయంత్రమే వదిన ఆమెను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. “పుట్ అంటే పెట్టడం. త్రూ అంటే గుండా. విడివిడిగా చూశావనుకో, సూదిలోంచి దారం పెట్టినట్టు ఉంటుంది. రెండూ కలిపితే మాత్రం అందులో ఇద్దరు మనుషులుంటారు. ఒకళ్ల మాట ఇంకొకళ్ల చెవిదాకా చేర్చడం అన్నమాట. తెలిసిందా?”

“నేను నాలుగో తరగతి దాకానే చదివానండీ,” అంది మరదలు.

“దీనికి నాలుగెందుకు, రెండు చెవులు చాలు.”

పాఠం అంతటితో అవలేదు. పుట్ త్రూ వాడటానికి పద్ధతులున్నాయంది వదిన. అవతలి మనిషి సిద్ధంగా ఉన్నాడో లేదో చూడకుండా కలపకూడదు. నోటినిండా అన్నం ఉన్నవాళ్లకీ, ముక్కునిండా కోపం ఉన్నవాళ్లకీ కలిపితే లైను పాడవుతుంది. కలిపాక మధ్యలో తెంపకూడదు. ‘కట్ ఆఫ్’ అనే మాట ఆ ఇంట్లో బూతు కింద జమ. ఆఖరిది అన్నిటికంటే పెద్దది. “మన పని కలపడం అమ్మాయ్, కల్పించడం కాదు. వచ్చిన మాట వచ్చినట్టు అందించాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ అయిందా, ఇక ఆపరేటరని చెప్పుకోకూడదు.” ఈ ముక్క వదిన ఎన్నిసార్లు చెప్పిందంటే, వీధిలో చిలకలుంటే వాటికీ వచ్చేసేది.

వీధి వీధంతా ఆవిడను వదిన అనే పిలిచేది. తనకంటే పెద్దవాళ్లు కూడా. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా కదిపితే, “నా లైను ఎప్పుడూ ఎంగేజేనండీ, ఎవరు చేసినా దొరకలేదు,” అని నవ్వేసేది. పొట్టి మనిషి. హెడ్‌సెట్టు ముప్ఫై ఒక్క ఏళ్లు నొక్కిన చోట జుట్టు మీద ఒక గాడి ఉండేది. ఎన్నిసార్లు దువ్వినా, నూనె పెట్టినా ఆ గాడి పోలేదు. అది తన పతకమనేది.

ఎక్స్ఛేంజిలో ఆవిడ చేసిన ఘనకార్యాల్లో మరదలికి బాగా నచ్చింది ఒకటుంది. అప్పట్లో ట్రంకు కాల్ అంటే మూడు నిమిషాలు. దూరాన గనుల్లో పనిచేసే ఒకతను తల్లితో మాట్లాడాలని పొద్దుట్నుంచి కూర్చుంటే, మధ్యాహ్నానికి లైను దొరికింది. వదిన కలిపింది. అటు కొడుకు “అమ్మా” అన్నాడు. ఇటు తల్లి “ఊఁ” అంది. ఇక అంతే. ఇద్దరికీ నోట మాట రాలేదు. మూడు నిమిషాలు అయిపోయాయి. వదిన లైను బాగాలేదని చీటీ మీద రాసి ఇంకో మూడు నిమిషాలు ఇచ్చింది. అవీ అలాగే అయ్యాయి. మళ్లీ రాసింది. మూడోసారి ఆ తల్లి, “తింటున్నావా?” అంది. కొడుకు, “తింటున్నానమ్మా,” అన్నాడు. అప్పుడు గానీ వదిన తీగ తియ్యలేదు.

సూపర్‌వైజరు పిలిచి నిలదీశాడు. లైను గంట కొట్టినట్టు బాగుంటే బాగాలేదని ఎలా రాశావని అడిగాడు.

“మాట వినపడకపోతే లైను బాగాలేదని రాయమన్నది తమరే సార్,” అంది వదిన.

“అంటే వాళ్ల మాటలు నువ్వు వింటున్నావా?”

“వినను సార్. వినపడతాయి.”

ఆయన తల పట్టుకుని వెళ్లిపోయాడట. ఈ కథ చెప్పేటప్పుడు వదిన సూపర్‌వైజరు గొంతు పెట్టేది, తన గొంతు పెట్టేది, మధ్యలో ఆ తల్లి “ఊఁ” అన్నదీ పెట్టేది. మరదలు గరిటె పట్టుకుని నవ్వలేక కూలబడేది.

అలాంటి మనిషి ఇంట్లో ఖాళీగా కూర్చుంటుందా. పిల్లి గిన్నె దగ్గర అరిస్తే పాలగిన్నెకు పుట్ త్రూ చేసేది. ఇస్త్రీ అతనికీ అతని పెళ్లానికీ చేసేది. దుకాణానికి వచ్చిన చెవిటి ముసలాయనకూ తమ్ముడికీ చేసేది. తమ్ముడు మామూలుగానే మాటల పీనాసి. రోజుకు నలభై మాటలు దాటేవాడు కాదు. వాటిలో ముప్ఫై గిరాకీలకే పోయేవి. గోడమీద అక్షరాల అట్ట చూపించి “చదవండి”, “ఆఁ”, “కింద వరుస”, “ఇప్పుడు?” అనేవాడు. మిగిలిన పదిలో టీ ఒకటి, భోజనం ఒకటి. మరదలికేమో పుట్టుకతోనే నోట్లో నాలుక లేదంటారు. వాళ్లిద్దరి మధ్యా ఎక్స్ఛేంజి లేకపోతే ఆ సంసారం మూగసినిమా అయ్యేది.

ఎదురింటి కింద సెలూను, పైన లెక్కల టీచరమ్మ వాటా. టీచరమ్మకు పూలకుండీలంటే పిచ్చి. ఆవిడ నీళ్లు పోస్తే అవి కారి సెలూను ముందు కూర్చున్నవాళ్ల నున్నటి గుండ్ల మీద పడేవి. సెలూనతను కత్తెర ఆడిస్తూ కింద నుంచి కేకలు, టీచరమ్మ పైనుంచి కేకలు. ఒకరోజు ఇద్దరూ పోలీసుల దాకా వెళ్లేలా ఉంటే వదిన చెప్పులేసుకుని వెళ్లింది. నడివీధిలో నిలబడి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. ఇద్దరినీ లైన్లో ఉండమంది. సెలూనతను పళ్లు పటపటలాడిస్తూ చెప్పిందంతా విని, పద్నాలుగు మెట్లెక్కి పైకి వెళ్లింది. దిగింది. మళ్లీ ఎక్కింది. మూడుసార్లు ఎక్కి దిగి, ఆయాసపడుతూ ఇంటికొచ్చి, “కలిసింది,” అని కుర్చీలో పడింది.

మర్నాటి నుంచి టీచరమ్మ సెలూను తలుపు తెరుచుకోకముందే నీళ్లు పోయడం మొదలెట్టింది. వారం తిరక్కుండా సెలూనతను ఆవిడ గ్యాసు సిలిండరు భుజాన వేసుకుని మెట్లెక్కడం మరదలు కళ్లారా చూసింది. ఏం చెప్పారు వదినా అని అడిగింది.

“ఆపరేటర్లు కాల్ సంగతులు బయటపెట్టరు. వాళ్లన్నది వీళ్లకి, వీళ్లన్నది వాళ్లకి. అంతే.”

సెలూనతను అన్నది మరదలికి కిటికీలోంచి కొంత వినపడింది. అందులో గ్యాసు సిలిండరు మోసేంత మంచి మాట ఒక్కటీ లేదు. అయినా వదిన అక్షరం మార్చదు కదా. పైకి వెళ్లేసరికి అతని మనసే మారి ఉంటుందిలే అనుకుంది.

ఇక ఆ ఇంట్లో జరిగిన మహాయుద్ధం పవర్ల పుస్తకం మీద. ఎవరి కంటికి ఏ పవరో తమ్ముడు పెళ్లికి ముందు నుంచీ ఒక లావుపాటి పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. ఒకరోజు మరదలు పాత పేపర్లతో పాటు దాన్ని కూడా పేపర్లు కొనేవాడికి వేసేసింది. తెలిశాక తమ్ముడు కేకలు వెయ్యలేదు. అదే ప్రమాదం. వీధిలో సగం మంది చూపు తన చేతిలోంచి పోయినట్టు కూర్చున్నాడు. దాన్ని అలా నేలమీద పెడతారా అని మరదలికీ రోషం వచ్చింది. పదకొండు రోజులు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ పదకొండు రోజులూ వదినకు చేతినిండా పని. లైన్లన్నీ ఎర్రదీపాలే అనేది. నడుము పట్టేసినా కుర్చీ దిగలేదు. ఆ రోజుల్లోనే దుకాణం నుంచి విచిత్రమైన కాల్స్ వచ్చేవి. కూర బాగుందంటున్నాడని ఒకరోజు. వంటింట్లో ఉక్కగా ఉంటుంది, కాసేపు పంకా కింద కూర్చోమంటున్నాడని ఇంకోరోజు. పెళ్లయ్యాక ఆయన కూర బాగుందన్నది అదే మొదలు. కోపంలో ఉంటే గానీ ఈ మనిషికి రుచి తెలియదు కాబోలని మరదలు ఆశ్చర్యపోయింది. పన్నెండో రోజు సాయంత్రం నాలుగింటికి ఆఖరి కాల్ వచ్చింది. తప్పు నాదే అంటున్నాడంది వదిన. మరదలి మనసు మంచులా కరిగిపోయింది. పాపం, అంత మాట ఎందుకన్నారు అనుకుని, టీ పెట్టుకుని తనే దుకాణంలోకి తీసుకెళ్లింది. తమ్ముడు కూడా తన కుర్చీ జరిపి ఆమెకు స్టూలు వేశాడు. ఇద్దరి మొహాల్లోనూ గెలిచినవాళ్ల దయ. ఆ రోజు ఆయన తన తప్పు ఒప్పుకున్నాడన్న సంగతి తలుచుకుని, తర్వాతి పన్నెండేళ్లలో మరదలు ఆయన్ని ఎన్నో విషయాల్లో క్షమించేసింది.

అంతకు ముందుదే, పదిహేడేళ్ల నాటి ఆ మాట. మరదలికి మూడోసారి కూడా కడుపు నిలవలేదు. ఇంక ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పేసింది. ఇంటికొచ్చి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడూ లేవలేదు. ముందుగదిలోంచి సానరాయి చప్పుడు ఆగకుండా వినపడుతూనే ఉంది. ఆ రోజు గిరాకీలు ఎవరూ లేరు. ఎవరి కోసం ఆ అద్దాలు సాన పట్టాడో ఆయనకే తెలియాలి.

అప్పుడు వదిన వచ్చి మంచం కాళ్లవైపు కూర్చుంది. చెవి మీద చెయ్యి లేదు. ముక్కుతో పాటా లేదు. మామూలు గొంతుతో, దుకాణం నుంచి కాల్ అంది. తర్వాత, “‘నువ్వుంటే చాలు’ అంటున్నాడు,” అంది.

మరదలు చాలాసేపు గోడనే చూసింది. కానీ మర్నాడు లేచి మొహం కడుక్కుంది.

పోయే ముందు కూడా వదిన డ్యూటీ దిగలేదు. ఆసుపత్రిలో డాక్టరు గుమ్మం దగ్గర నిలబడి తమ్ముడితో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తమ్ముడు నేల చూస్తున్నాడు. మరదలికి ఒక్క ముక్క అర్థం కాక బిక్కమొహం వేసింది. మంచం మీద నుంచి వదిన సెలైను గుచ్చిన చేతినే మెల్లగా చెవిదాకా తెచ్చుకుంది. “డాక్టరుగారి కాల్ అమ్మాయ్. నన్ను నాలుగు రోజులు బాగా విశ్రాంతి తీసుకోమంటున్నారు. నువ్వు ఇంటికెళ్లి వేళకి తినకపోతే ఊరుకోనంటున్నారు.” మరదలు నమ్మి ఇంటికెళ్లి తిని వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం వదిన నిద్రలోనే పోయింది.

ఆ తర్వాత మూడు నెలలు ఆ ఇల్లు ఎలా ఉందో ముందే చెప్పాను. మరదలు ఆ ప్రశ్నను రోజూ నోటిదాకా తెచ్చుకుని, టీతో పాటు మళ్లీ మింగేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక సెలూనతను దగ్గరి చూపుకు అద్దాలు కావాలని దుకాణానికి వచ్చాడు. గడ్డం గీస్తుంటే చెవి ఏదో గడ్డం ఏదో తెలియడం లేదన్నాడు. తమ్ముడు చదవమన్నాడు. అతను రెండు వరుసలు చదివి ఆగి, “ఒక సంగతి చెప్పనా అన్నా?” అన్నాడు. వంటింట్లో గిన్నెలు తోముతున్న మరదలికి అది స్పష్టంగా వినపడింది. కొళాయి సన్నం చేసింది.

నిన్న టీచరమ్మా తనూ వదినగారి గురించి మాట్లాడుకున్నారట. మాటల్లో టీచరమ్మ, తొమ్మిదేళ్ల కిందట మీరు అంత మర్యాదగా క్షమాపణ చెప్పకపోతే మన మధ్య ఈ మంచితనం ఉండేదా అందట. క్షమాపణ చెప్పింది మీరు కదా అని ఇతను తెల్లబోయాడట.

“ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నేనన్న మాటలైతే ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. వదినగారు పైకెళ్లి ఏం చెప్పారంటే, ‘ఆయన గిరాకీలంతా ముసలివాళ్లు, తడిస్తే జలుబు చేస్తుందని భయపడుతున్నాడు, మీ పూలు మాత్రం చాలా బాగున్నాయి అంటున్నాడు’ అని. నేను పూలవైపు చూడనే లేదన్నా. తర్వాత చూశాను. నిజంగానే బాగున్నాయి.”

తమ్ముడు కింద వరుస చదవమన్నాడు. సెలూనతను చదివాడు, రేపు రమ్మంటే సరేనని వెళ్లాడు.

దుకాణంలో సానరాయి తిరగలేదు. వంటింట్లో మరదలు సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయింది. కూర బాగుందన్న మాట ఆయనది కాదు. పంకా కింద కూర్చోమన్నది ఆయన కాదు. అయితే ఆ మాట? పదిహేడేళ్లు తాను కట్టుకున్న ఇల్లంతా పునాదితో సహా ఒకసారి కదిలినట్టయింది. ఇన్నాళ్లూ అడగలేక ఊరుకుంది. ఇప్పుడు అడగాలంటే భయం వేసింది.

తమ్ముడు మధ్యగది దాటి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. టీ వేళ కాదు. గొంతు సవరించుకోలేదు కూడా.

“పవర్ల పుస్తకం అప్పుడు,” అన్నాడు, “తప్పు నాదే అన్నావా నువ్వు?”

“నేనెందుకంటానండీ? అన్నది మీరు కదా.”

“నేనెందుకంటాను? పుస్తకం పారేసింది నువ్వయితే.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పన్నెండేళ్లుగా ఎవరికి వాళ్లు దాచుకున్న గెలుపు ఇద్దరి చేతుల్లోనూ ఒకేసారి ఆవిరైపోయింది. ముందు తమ్ముడి పెదవి వణికింది. ఏడుస్తాడేమోనని మరదలు కంగారుపడింది. ఆయన నవ్వుతున్నాడు.

“ఇంకా చాలా అన్నావు నువ్వు,” అన్నాడు. “ఒకసారి నాకు జ్వరం వస్తే, ‘ఆయన దుకాణం మూస్తే వీధికే చూపు పోయినట్టుంది’ అన్నావు.”

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అంత పెద్ద మాట నా మొహానికెక్కడిదండీ. ఇంట్లో ఉంటే మంచం అడ్డమని విసుక్కున్నాను.”

“అనుకున్నాను. నాలుగో తరగతి మాటలా లేదని.”

అక్షరం మారితే ఆపరేటరే కాదన్న మనిషి ఇరవయ్యారేళ్లలో టీ, భోజనం తప్ప ఒక్క కాల్ కూడా ఉన్నదున్నట్టు అందించలేదన్నమాట. మెట్లెక్కి ఆయాసపడటం, కుర్చీలో నడుము పట్టేయించుకోవడం, అన్నీ అందుకే. నవ్వు ఆగాక, ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పటికీ అడగలేనని మరదలికి తెలిసిపోయింది. చేతుల సబ్బు చూసుకుంటూనే అడిగింది.

“నేను మంచం దిగనప్పుడు... ఆ రెండో రోజు. మీరొక మాట అన్నారని చెప్పింది వదిన. అది మీరన్నదేనా?”

తమ్ముడికి ఏ రోజో చెప్పనక్కర్లేకపోయింది. కళ్లద్దాలు తీశాడు. అబద్ధం చెప్పడం ఆయనకు మొదటినుంచీ రాదు. అబద్ధానికి ఎక్కువ మాటలు కావాలి.

“అనలేదు,” అన్నాడు.

మరదలు తల ఊపింది.

“అక్క వచ్చి అడిగింది, అమ్మాయికి ఏం చెప్పమంటావురా అని. నాకు నోరు రాలేదు. సాన పడుతూ కూర్చున్నాను. అక్క కదల్లేదు. అరగంటో గంటో అక్కడే నిలబడింది. చివరికి, సరే, లైన్లోనే ఉండు అని లోపలికెళ్లింది. వచ్చి, చెప్పేశానురా అంది. ఏం చెప్పావంటే, ఆపరేటర్లు బయటపెట్టరంది. నువ్వు మర్నాడు లేచావు. అప్పట్నుంచీ నేనేమన్నానో నాకు తెలియదు. నిన్ను అడుగుదామంటే,” అని ఆగాడు. “నేనన్న మాట నిన్నడిగితే ఏం బాగుంటుంది.”

ఆ మనిషి ఒక్క ఊపిరిలో అన్ని మాటలు అనడం మరదలు ఎప్పుడూ వినలేదు. ఒక రోజు కోటా దాటిపోయింది.

“ఇప్పుడు చెప్పు,” అన్నాడు. “నేనేమన్నాను?”

“నువ్వుంటే చాలు అన్నారు.”

తమ్ముడు కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. కొత్త పవరుతో కింద వరుస మొదటిసారి చదువుతున్న గిరాకీలా, తడుముకుంటూ, పైకి అన్నాడు. “నువ్వుంటే చాలు.” కాసేపు ఆలోచించాడు.

“బాగానే అన్నాను,” అన్నాడు.

మరదలికి నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. సబ్బు చేతులతో తుడుచుకుంటే మండి, నీళ్లు మరీ ఎక్కువయ్యాయి. తమ్ముడు కంగారుపడి తువ్వాలు అందించాడు.

“మరి నేనేమన్నానని చెప్పింది మీకు?” అంది తువ్వాల్లోంచి.

“గోడవైపు తిరిగి పడుకుంది గానీ, నువ్వు తిన్నావా అని అడిగిందిరా అంది అక్క. వెళ్లి తిన్నాను.”

“అడగలేదు నేను.”

“తెలుసు. ఇప్పుడు తెలిసింది.”

“నోరు వస్తే అడిగుండేదాన్నే.”

“ఊఁ,” అన్నాడు తమ్ముడు. తర్వాత దుకాణం వైపు చూశాడు. మధ్యాహ్నం గిరాకీలు వచ్చే వేళైంది. వెళ్లలేదు. వంటింట్లో ఒక మూలనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇరవయ్యారేళ్లలో ఆయన వంటింట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఉల్లిపాయల బుట్ట జరిపాడు.

“మీ అమ్మ వచ్చి నెల రోజులున్నప్పుడు, నా గురించి ఒకటి అన్నావట,” అని మొదలుపెట్టాడు. “అది కూడా అడగాలి. ఇంకా పది పదిహేను ఉన్నాయి.”

తన దగ్గర అంతకంటే ఎక్కువే ఉన్నాయంది మరదలు. ఒకసారి సింకులోకి చూసింది. మధ్యాహ్నం గిన్నెలన్నీ సబ్బు పూసుకుని కడగకుండా ఉన్నాయి. వదిలేస్తే ఆ నురగ ఎండి తెల్లగా అట్ట కడుతుంది, మళ్లీ మొదట్నుంచీ తోముకోవాలి. ఆమె కొళాయి పూర్తిగా కట్టేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆయనకెదురుగా నేలమీద కూర్చుంది.

“మా అమ్మ సంగతి తర్వాత. ముందు ఆ పుస్తకం గొడవప్పుడు నా కూర నిజంగా బాగుందో లేదో తేలాలి,” అంది.